సాంకేతిక స్టెన్సిల్ అక్షరాలు: రూపం, ప్రయోజనం

1. పరిచయం

కంప్యూటర్లు రాకముందు యంత్రభాగాల, భవనాల నక్షాలను డ్రాయింగ్ బల్లపై చేతితో గీసేవారు. గీతలకు స్కేలు ఉండేది. మరి అంకెలకు? ఒకరు రాసిన 3 మరొకరికి 8లా కనిపిస్తే కార్ఖానాలో ఆ భాగమే తప్పు కొలతతో తయారవుతుంది. ఈ ప్రమాదాన్ని తగ్గించిన సాధనాల్లో స్టెన్సిల్ ఒకటి. దాని అక్షరాలు సన్నగా, ఒకే మందంతో ఎందుకు ఉంటాయో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. వంతెనల సమస్య

పలుచని పలకలో 0 ఆకారాన్ని పూర్తిగా కత్తిరిస్తే మధ్య ముక్క ఊడిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి అక్కడక్కడ కత్తిరించకుండా వదిలిన భాగాలే వంతెనలు. సరుకు పెట్టెలపై రంగు పూసే లావు అక్షరాల్లో ఈ ఖాళీలు అలాగే మిగులుతాయి. 1937లో అమెరికాలో ఇదే రూపం అచ్చు అక్షరాలుగానూ వెలువడింది. నక్షాలో అయితే అదే ఖాళీ అంకెను తప్పుగా చదివించవచ్చు. అందుకే పలకను కాస్త జరిపి, ఖాళీని కలంతో పూడ్చే పద్ధతి ఏర్పడింది. కలం మొన సన్నని గొట్టం కాబట్టి గీత మందం అంతటా ఒకటే. దాని చివరలు గుండ్రంగా ఉంటాయి.

3. ప్రమాణీకరణ

1974లో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3098 మొదటి భాగం వెలువడింది. అక్షరాల ఎత్తులు 2.5, 3.5, 5, 7, 10, 14, 20 మిల్లీమీటర్లు. ప్రతి ఎత్తూ ముందుదానికి సుమారు 1.4 రెట్లు ఉండటం గమనించండి. ఎ1, ఎ2 వంటి కాగితాల పొడవు వెడల్పులు పెరిగేదీ ఇదే నిష్పత్తిలో. 'బి' రకం అక్షరంలో గీత మందం ఎత్తులో పదో వంతు. ఎ1 నక్షాను ఎ2కు తగ్గిస్తే 5 మి.మీ. అక్షరం 3.5కు, 0.5 గీత 0.35కు చేరుతాయి. కాబట్టి తగ్గించిన ప్రతిలో కూడా ప్రామాణిక స్టెన్సిల్, కలాలతోనే సవరణలు చేయవచ్చు. మైక్రోఫిల్మ్ నుంచి తీసిన ప్రతి కూడా స్పష్టంగా ఉండాలన్నది మరో అవసరం. భారతదేశంలో ఈ విషయానికి సంబంధించిన ప్రమాణం ఐఎస్ 9609.

4. ముగింపు

కంప్యూటర్ డ్రాయింగుతో ప్లాస్టిక్ పలకల అవసరం తగ్గింది. అయినా ఆ సన్నని, సమాన మందపు రూపం డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఫాంట్లలో నిలిచింది. ప్రతి డ్రాఫ్ట్స్‌మన్‌కూ ఉండే సొంత దస్తూరి నక్షా నుంచి తొలగిపోయింది. దానికి బదులు, ఒక దేశంలో గీసిన కొలతను మరో దేశంలో పొరపాటు లేకుండా చదివే వీలు కలిగింది. అక్షర రూపాన్ని అభిరుచి ఒక్కటే నిర్ణయించదనీ, పనిముట్టు, కాగితం, చదివేవారి అవసరం కూడా నిర్ణయిస్తాయనీ దీనివల్ల గ్రహించవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అక్షరాల ఎత్తులకూ కాగితం పరిమాణాలకూ గల సంబంధాన్ని వివరించండి.
2. ఒక అట్టపై 'రం' అని రాసి కత్తిరించండి. ఎక్కడెక్కడ వంతెనలు అవసరమయ్యాయి? ఎందుకు?