తోటలో గుల్ల లేని నత్త

జూన్‌లో నైరుతి రుతుపవనాలు ప్రవేశించగానే బెంగళూరు పెరటి తోటల్లో, కుండీల అడుగున నల్లని మెత్తని జీవులు కనిపించసాగుతాయి. పలువురు వీటిని జలగలని భ్రమపడతారు. జలగ రక్తం పీలుస్తుంది. ఇవి మనిషిని కరవవు. నత్త కుటుంబానికి చెందిన ఈ జీవులకు వీపుపై గుల్ల ఉండదు. ఆంగ్లంలో స్లగ్ అంటారు. గుల్ల గల నత్తను కన్నడిగులు ‘బసవన హుళు’ అంటారు.

స్వభావం: ఈ ప్రాంతంలో తరచు కానవచ్చేది లేవికాలిస్ ఆల్టే అనే జాతి. దీని పుట్టినిల్లు ఆఫ్రికా ఖండం. ముదురు రంగు వీపు నడుమ లేత చార దీని గుర్తు. తలపై రెండు జతల కొమ్ములుంటాయి. పై జత కొసలలో కళ్ళుంటాయి. ఒంటి తేమ ఆరిపోకుండా పగలు ఇటుకలు, రాలిన ఆకుల కింద దాగి, రాత్రి మేతకు బయలుదేరుతుంది. ఒకే జీవిలో ఆడ, మగ లక్షణాలు రెండూ ఉండటం చేత ఎదిగిన ప్రతి స్లగ్గూ గుడ్లు పెట్టగలదు. అందుకే వానాకాలంలో వీటి సంతతి వేగంగా పెరుగుతుంది.

మేలు, కీడు: స్లగ్గులు కుళ్ళిన ఆకులను తిని, వాటి సారం మట్టిలో కలవడానికి తోడ్పడతాయి. కొన్ని పక్షులకు, కప్పలకు ఆహారమవుతాయి. అయితే ఆకుకూరల నారును, బంతి మొలకలను ఒక్క రాత్రిలో కొరికివేయగలవు. పరాయి జీవి వల్ల కలిగే నష్టానికి ఆఫ్రికా రాక్షస నత్త మరో నిదర్శనం. 1847లో విలియం బెన్సన్ మారిషస్ నుండి కలకత్తాకు తెచ్చిన ఆ నత్త దేశంలోని అనేక ప్రాంతాలకు వ్యాపించి పంటలకు బెడదగా మారింది.

నివారణ: మొక్కల మొదళ్ళలో ఉప్పు చల్లరాదు, నేల చవుడు బారుతుంది. మెటాల్డిహైడ్ గుళికలు స్లగ్గులను చంపుతాయి గాని, వాటిని తిన్న కుక్కలకు, పిల్లులకు ప్రాణాంతకం. పసిపిల్లలున్న ఇళ్ళలో అవి అసలే తగవు. సాయంత్రం తడి గోనెసంచిని మడిలో పరచి, తెల్లవారగానే దాని కింద చేరిన వాటిని ఏరి సబ్బునీటి బకెట్‌లో వేయడం సులువైన మార్గం. మొక్కలకు సాయంత్రం బదులు ఉదయం నీరు పోస్తే రాత్రివేళ మట్టి పైపొర కొంత ఆరి ఉంటుంది.

జాగ్రత్త: స్లగ్గులలో, నత్తలలో ఎలుకల నుండి సంక్రమించే ఒక పరాన్నజీవి ఉండవచ్చు. అది మనిషి శరీరంలో చేరితే మెదడు పొరలకు వాపు రాగలదు. కనుక వీటిని వట్టి చేతులతో తాకరాదు. పెరటి ఆకుకూరలను ఒక్కొక్క ఆకు విడదీసి కడిగి, బాగా ఉడికించి తినాలి.