కలివి కోడి ఎవరికి తెలుసు?

కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర పిట్టలు పట్టి బతికే ఐతన్నకు కలివి కోడి కొత్త పక్షి కాదు. పగలు కలివి పొదల నీడన దాగి, చీకటి పడ్డాక మేతకు తిరిగే ఆ పిట్టను ఆయన ఎరుగును. పుస్తకాలు మాత్రం 1900 తర్వాత దాన్ని చూసినవారే లేరనీ, అంతరించిపోయి ఉంటుందనీ చెబుతూ వచ్చాయి. 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని గుర్తించి లోకానికి తెలిపారు. చూసినవారు ఒకరు, రాసినవారు ఇంకొకరు. ఈ ఇద్దరినీ ఒకచోట కలపడమే ప్రకృతి పరిశీలక సంఘాల అసలు పని అని నా నమ్మకం.

ఆ సొసైటీ 1883 సెప్టెంబరు 15న ఎనిమిదిమందితో మొదలైంది. వారిలో ఆత్మారాం పాండురంగ్, సఖారాం అర్జున్ అనే ఇద్దరు భారతీయ వైద్యులున్నారు. అప్పుడప్పుడు కలుసుకోవడం, తాము సేకరించినవి ఒకరికొకరు చూపించుకోవడం, చూసినవాటి గురించి మాట్లాడుకోవడం వారు పెట్టుకున్న పని. 1886లో సొంత జర్నల్ వెలువడింది. ఆ రోజుల్లో పక్షిని అధ్యయనం చేయడమంటే తుపాకీతో కొట్టి, తోలు ఒలిచి, చీటీ కట్టి పెట్టెలో దాచడమే. మన నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ కాలం నుంచీ అదే పద్ధతి. కలివి కోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే.

1931–32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆయన చేతిలోనూ తుపాకీ ఉంది. అయితే ఆయన చూపు తోలు దగ్గర ఆగిపోలేదు. పక్షి ఎక్కడ గూడు కట్టింది, ఏం తింటోంది అన్నవీ రాసుకున్నారు. 1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం వచ్చింది. బొమ్మ చూసి పిట్టను పోల్చుకునే వీలు మామూలు పాఠకుడికి దొరికింది. తుపాకీ స్థానంలో బైనాక్యులర్లు రావడానికి ఇలాంటి పుస్తకాలు దారి వేశాయి.

ఆ దారిలోనే 1980లో హైదరాబాద్‌లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పుట్టింది. ఇప్పుడది దక్కన్ బర్డర్స్. సెలవురోజు తెల్లవారుజామున చెరువుగట్లకు, అడవులకు కలిసి వెళ్ళడం, చూసినవి రాసుకోవడం, వాటిని సభ్యులకు పంచే పత్రిక నడపడం అలవాటయ్యాయి. ఆ సంఘానికి చెందిన సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టి కలిసి 1989లో రాష్ట్రంలోని పక్షుల జాబితా ప్రచురించారు. 1987 నుంచి జనవరి నెలలో జరిగే నీటిపక్షుల లెక్కింపులో ఇలాంటి సంఘాలే ముందుంటాయి. నీటి మీద నల్లగా పరుచుకున్న బొల్లికోళ్ళను ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. పదింటి గుంపు ఎంత జాగా తీసుకుంటుందో కంటికి అలవాటు చేసుకుని, పదులు పదులుగా లెక్కిస్తూ పోవాలి. గుంపు లేచిపోతే మళ్ళీ మొదటికే!

రాయడం వల్ల ఒరిగేదేమిటో కడప జిల్లా లంకమల కొండల అంచున తెలిసింది. 2000 తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి జల్లించి, చదునుగా పరిచి, తెల్లవారాక వచ్చి అడుగులు వెతికేవారు. వెనక వేలు లేని, మూడు వేళ్ళ చిన్న అడుగు కనిపిస్తే కలివి కోడి నడిచిందేమోనని ఆగి కొలిచేవారు. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదలను తాకినప్పుడు ఆ రాతలే సాక్ష్యమయ్యాయి. కాలువ దారి మార్చారు. రాత ఒక్కటే చాలదని కూడా ఒప్పుకోవాలి. అప్పటి కర్నూలు జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్టలను ఏళ్ళ తరబడి లెక్కపెట్టారు, అభయారణ్యమూ పెట్టారు. అయినా గడ్డిభూములు తరిగి, పిట్ట కనిపించకుండా పోయింది.

సంఘం పేరు పెట్టుకోని కాపలాదారులూ ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా వచ్చే గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను ఊరివాళ్ళు పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. చింతచెట్టు నిండా గూళ్ళున్నా కొమ్మ నరకరు. అవి రావడం ఆలస్యమైతే ఊరికి బెంగ. ఈ బెంగలో ఎన్నో ఏళ్ళ పరిశీలన దాగి ఉంది.

ఇప్పుడు ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు దేశమంతా ఫోన్లు పట్టుకుని పెరట్లో పిట్టలను లెక్కపెడుతోంది. పిల్లలూ చేరుతున్నారు. చూసేవారికీ రాసేవారికీ మధ్య దూరం ఇంతగా తగ్గడం నాకు చాలా సంతోషం. అయితే చెరువులో చేపలు పట్టేవారి మాట, మేకలు కాసేవారి మాట, పిట్టలు పట్టేవారి మాట ఆ లెక్కల్లోకి ఇంకా రావాలి. మనం గుర్తుపట్టలేని పిట్టను వాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో అడగాలి. ఆ పేరు రాయాలి, చెప్పినవారి పేరూ రాయాలి. ఐతన్న పేరును అలా ఎవరో రాసిపెట్టబట్టే కదా, ఈ రోజు మనం ఆయన్ను తలచుకోగలుగుతున్నాం.