జాజు, సున్నం, ఎల్లమ్మ రాయి

కళాచరిత్ర పుస్తకాల్లో రంగుకు ఒక కర్త ఉంటాడు. అలుకుకూ పూతకూ ముగ్గుకూ ఉండరు. వాటి పేరు ఇంటిపని. మక్తల్ వైపు పల్లెల్లో పండగొస్తే మట్టిగోడ అడుగున జాజు పూసి, దాని అంచున సున్నంతో గీత గీసింది ఆడవాళ్లే. మా అవ్వ జాజును కుండలో కలిపి, ఇసుక అడుక్కి దిగేదాకా ఆగి, పైనున్న ఎర్రనీళ్లను మరో కుండలోకి వంచేది. ఎంతసేపు ఆగాలో ఆమె చేతికి తెలుసు. మెత్తని పూతమన్ను కోసం కుమ్మరి చేసేదీ ఇదే. అతనిది వృత్తి, ఈమెది పని!

జాజు ఎరుపు ఇనుముది. బృహత్ శిలాయుగపు సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండల రంగూ అంతే. కాలేటప్పుడు గాలి తగిలినచోట మన్నులోని ఇనుము ఎర్రబారింది, గాలి అందనిచోట కుండ నల్లబడింది. ఆ కుండలు మ్యూజియం చేరాయి. గోడమీది జాజు మాత్రం వానకు కరిగి, మళ్లీ పండక్కి కొత్తదై, సిమెంటు గోడలొచ్చాక చాలా ఇళ్లలో ఆగిపోయింది. ఏటేటా కొత్తగా చేసేదానికి తేదీ వేయడం మన చరిత్ర రచనకు చేతకాలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటను ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో చరిత్రగా నిలబెట్టింది. చేతిపనికి అలాంటి పుస్తకం ఇంకా కావాలి.

ఇదే ప్రాంతంలో, కృష్ణ ఒడ్డున ఉన్న ముడుమాల్‌లో 10 నుంచి 14 అడుగుల నిలువురాళ్లున్నాయి. వాటి వయసు 3,500 ఏళ్లకు పైనేనని అంచనా. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అక్కడి బండమీద సప్తర్షి మండలాన్ని పోలిన గుంటల గురించి, సూర్యుడి కదలిక గురించి చాలా రాశారు. రాయాల్సిందే. కానీ ‘ఆనాటి మనిషి ఆకాశాన్ని చూశాడు’ అనగానే మన మనసులో మెదిలేది మగవాడే.

ఆ రాళ్లలో ఒకటి ఊరివాళ్లకు ఎల్లమ్మ. ఎల్లమ్మ అంటే పసుపూ కుంకుమా. పసుపులో సున్నం కలిస్తేనే పాతకాలపు కుంకుమ ఎరుపెక్కేది. అంటే అది కూడా మట్టిలోంచి వచ్చిన రంగే, ఆడవాళ్ల చేతుల్లో తయారైనదే. నా భయం ఇక్కడే. రక్షణ పేరుతో కంచె పడితే, రాయిని కడిగితే, ఆ పూత మురికి లెక్కలోకి పోతుంది. నిలబెట్టిన చేతులెవరివో మనకెలాగూ అందవు. పూస్తున్న చేతులు అందుతాయి. రాయి ఎత్తు కొలిచి రాసుకునే కాగితం మీదే, ఆ పసుపు ఎవరు, ఏ రోజుల్లో పూస్తారో వాళ్లనే అడిగి రాయాలి.