జీతానికి పైహద్దు ఉంది, జీతమే లేదు

హైదరాబాద్ ఫుట్‌బాల్ వైభవం గురించి రాసేవాళ్లు కప్పులు లెక్కపెడతారు గానీ జీతాల జోలికి పోరు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఆటకని విడిగా జీతం లేదు. ఆటగాడు పోలీసు ఉద్యోగి, ఒకటో తారీఖున చేతికొచ్చేది ఆ ఉద్యోగం తాలూకు జీతం. ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే అమెచ్యూర్ అనిపించుకోవాల్సిన రోజులవి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిష్యులందరూ ఆ లెక్కన అమెచ్యూర్లే. ఎవరూ రాసిపెట్టకపోయినా జీతానికి పైహద్దు ఉండనే ఉంది. అది శాఖవారి స్కేలు. ఎన్ని గోల్స్ కొట్టినా స్కేలు కదలదు. అయితే కాలు విరిగినా అది ఆగిపోదు. ఆ హద్దు ఆటగాడిని కట్టేసింది, కాపాడింది కూడా. తర్వాతి కాలంలో ఆ కాపుదల పోయి హద్దు మాత్రం మిగలడమే ఇవాళ్టి జీతాల తగాదాలకు మూలమని నా వాదన.

పాతరోజుల మీద మోజుతో అంటున్న మాట ఇది అనేవాళ్లుంటారు. వాళ్ల దగ్గర ఆధారం లేకపోలేదు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1966లో మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టాడు. స్కేలు చాలకే మంచి ఆటగాళ్లు ఊరు వదిలారన్నది నిజం. కానీ కలకత్తా వెళ్లినవాళ్లు ఏం చేశారో కూడా చూడాలి. క్లబ్బు డబ్బు సీజనుకు సీజనే, మోకాలు బాగున్నంతవరకే. అందుకే ఎక్కువమంది రైల్వేలోనో బ్యాంకులోనో ఒక కుర్చీ చూసుకున్నారు. బలరాం కూడా 1963లో బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులోకి మారాడు. ఉద్యోగం ఇస్తామన్నా వద్దని, ఆట మీదే బతుకుతానని భీష్మించిన హబీబ్‌ను దేశంలో తొలి అసలైన ప్రొఫెషనల్ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్కడి పేరు అంత ప్రత్యేకంగా చెప్పుకోవాల్సి రావడమే మిగతావాళ్ల సంగతి చెబుతోంది.

ఈ ఉద్యోగాల ఏర్పాటు వల్ల ఎవరూ పెద్దగా పట్టించుకోని నష్టం ఒకటి జరిగింది. మన ఆటగాళ్లకు యూనియన్ అవసరం పడలేదు. ఇంగ్లండ్‌లో 1901లో వారానికి 4 పౌండ్లని పెట్టిన గరిష్ఠ వేతనం పాకుతూ 20 పౌండ్లకు చేరింది. అక్కడి ఆటగాళ్లకు వెనక పోలీసు ఉద్యోగమేమీ లేదు. వాళ్ల యూనియన్ జిమ్మీ హిల్ నాయకత్వంలో సమ్మెకు దిగుతామని తేల్చిచెప్పాక, 1961 జనవరిలో ఆ హద్దు ఎగిరిపోయింది. అమెరికాలో వాళ్ల తరహా ఫుట్‌బాల్ ఆడేవాళ్లు 1987లో 24 రోజులు సమ్మె చేసి, యజమానులు బయటివాళ్లతో మ్యాచ్‌లు నడిపిస్తుంటే ఓడి తిరిగొచ్చారు. అయినా కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి జట్లు మారే స్వేచ్ఛను, రాబడిలో వాటాను రాయించుకున్నాకే 1994 సీజన్ నుంచి 3.46 కోట్ల డాలర్ల జట్టు హద్దుకు ఒప్పుకున్నారు. అక్కడ హద్దు బేరమాడి కుదుర్చుకున్నది. ఫ్యాక్టరీలకు పనికెళ్లేవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. యూనియన్ కూర్చుని సంతకం పెట్టిన వేతన ఒప్పందం వేరు, నోటీసు బోర్డుకు అంటించిన కాగితం వేరు. మన ఆటగాళ్ల సంఘం బైచుంగ్ భూటియా వంటివారి పూనికతో 2006లో గానీ పుట్టలేదు. ఇండియన్ సూపర్ లీగ్‌లో జట్టుకు 16.5 కోట్ల రూపాయల హద్దు పెట్టినప్పుడు ఎదురుగా కూర్చుని బేరమాడే బలం దానికి లేదు.

హద్దు లేకపోతే యజమానులు పోటీపడి దివాలా తీస్తారు, చివరికి నష్టపోయేది ఆటగాడే అన్నది రెండో అభ్యంతరం. తీసిపారేయదగ్గ మాట కాదు. పూణే క్లబ్బు డబ్బు ఇబ్బందులతో మూతపడితేనే 2019లో ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. కానీ ఆ హైదరాబాదే ఈ వాదనకు జవాబు. హద్దు అమల్లో ఉండగానే 2022 మార్చి 20న ఫటోర్డాలో పెనాల్టీల మీద కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి లీగ్ ఫైనల్ గెలిచింది. హద్దు అమల్లో ఉండగానే జీతాలు ఆపింది. బకాయిల కేసుతో కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. 2023-24 సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ, పేరున్న మనవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు పట్టికలో అట్టడుగున మిగిలింది. ఇంత జరిగినా సమ్మె అన్నది లేదు. ఎవరి ఒప్పందం వారు తెంచుకున్నారు, ఎవరి ఫిర్యాదు వారు ఫిఫాకు పంపుకున్నారు. ఎంతకు మించి ఇవ్వకూడదో రాసిన నియమం, ఒప్పుకున్నది ఇప్పించడానికి పనికిరాలేదు. జీతాల సొమ్ము ముందే బ్యాంకులో హామీగా పెట్టించి ఉంటే కథ కొంత వేరుగా ఉండేది.

యజమానులు మారినా క్లబ్బు హైదరాబాద్‌లో నిలవలేదు. 2025లో ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. అదే ఏడాది ఆగస్టులో, లీగ్ నడిపే హక్కుల ఒప్పందం తేలక సీజన్ మొదలవుతుందో లేదో తెలియని స్థితిలో, బెంగళూరు క్లబ్బు మొదటి జట్టు ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. ఎప్పటిదాకా అన్నది ఆ ప్రకటనలో లేదు.