గుమ్మం లోపలికొచ్చిన పూలు

మన అమ్మమ్మల ఇళ్ళలో పూలమొక్క గదిలో ఉండేది కాదు. మల్లెపందిరి పెరట్లో, కనకాంబరాలు నూతి దగ్గర, తులసి కోటలో. పెరడు ఉన్నవాళ్ళకి గదిలో మొక్కెందుకు? ఆ అవసరం వెలుతురు కరువైన ఊళ్ళకి ముందొచ్చింది.

లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు పెంచుకునే ఫెర్న్ మొక్కలు బొగ్గు పొగకి చచ్చిపోయేవి. 1829లో ఆయన ఒక పురుగు గూడును తడిమట్టితో సీసాలో పెట్టి మూసి ఉంచితే, ఆ మట్టిలోంచే ఫెర్న్ మొలిచింది! లోపలి తడి ఆవిరై, చుక్కలై మళ్ళీ మట్టిలోకే దిగుతోంది. అది చూసి గాజుపెట్టెలు చేయించాడు. 1833లో వాటిలో మొక్కలు పెట్టి ఓడమీద సిడ్నీకి పంపితే నెలల తర్వాత పచ్చగానే దిగాయి. చైనా తేయాకు మొక్కలు మన హిమాలయాలకి వచ్చింది అలాంటి పెట్టెల్లోనే. ఎక్కడి అడవి మొక్కకైనా పరదేశానికి దారి పడింది.

అంతకుముందే మన గోదావరి వైపు, సామర్లకోటలో, కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ తోట వేశాడు. ఇక్కడి మొక్కలకి తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు, బొమ్మలు మనవాళ్ళ చేత గీయించాడు. 1795 నుంచి అవి లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. పుస్తకం మీద ఆయన పేరే ఉంది. ఆ ఆకుల ఈనెలు అంత ఓపికగా గీసిన చేతులెవరివో! నాకు అదే బాధ.

ఇప్పుడు మన హాల్లో ఎర్రగా మెరిసే ఆంథూరియం కొలంబియా అడవిది. 1876లో ఎడ్వర్డ్ ఆండ్రే అనే ఫ్రెంచి ఆయన కంటపడింది. తెల్లపూల పీస్ లిల్లీ కూడా అటువైపుదే. మన అశ్వారావుపేట నుంచి మొక్కల కోసం కడియం వెళ్తే రెండూ కనిపిస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారబట్టే కదా ఆ నేలలో అన్ని నర్సరీలు!

రెండూ పెద్దచెట్ల నీడన పెరిగినవి. అందుకే తూర్పు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట పెట్టండి. పూలున్న కుండీకంటే మొగ్గలు, కొత్త ఆకులు ఉన్నది ఏరుకోండి. వేలు గుచ్చి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్ళు. కింది పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. మల్లెని మాత్రం లోపలికి తేకండి, ఎండ లేకపోతే అది పూయదు. ఆంథూరియం, పీస్ లిల్లీ ఆకులు నమిలితే నోరు మండుతుంది, పాకే పిల్లలుంటే కుండీ ఎత్తున పెట్టండి.