పదిమంది చేవ్రాలు

మన భాషలో ‘పదిమంది’ అన్న మాటకు లెక్కతో పని లేదు. పదిమందిలో పేరు తెచ్చుకొనుట, పదిమంది నోట పడుట, పదిమందికి ఉపకరించుట – ఇన్ని చోట్లను ఆ మాటకు లోకమనియే అర్థము. ఎన్నికల చట్టములో మాత్రము 1996 నుండి అది కచ్చితమైన అంకె అయినది. గుర్తింపు పొందిన రాజకీయ పక్షము అండ లేకుండ శాసనసభకుగాని లోకసభకుగాని పోటీ చేయదలచిన వ్యక్తి, ఆ నియోజకవర్గపు ఓటర్లలో పదిమందిచేత తన నామినేషన్ పత్రముపై చేవ్రాలు చేయించవలెను. తొమ్మిది చాలవు. పక్షము నిలిపిన అభ్యర్థికి ఒక్క ఓటరు చేవ్రాలు చాలును. ఈ తేడా ఎట్లు వచ్చినది? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలవారికి దానితో గల సంబంధమేమి? ఈ ప్రసంగములో ఆ చరిత్రను పరిశీలించెదము.

ఈ మూడు పేర్లును 2016 అక్టోబరు 11 నుండి మూడు జిల్లాల పేర్లు. అంతకు ముందు మూడును మహబూబునగరము జిల్లాలోనివే. ఇంకను వెనుకకు పోయినచో, గద్వాల తాలూకా 1956 వరకు రాయచూరు జిల్లాలో ఉండినది. గద్వాల, వనపర్తి నిజాము ఏలుబడికి లోబడిన సంస్థానములు. పండితులకు ఆశ్రయమిచ్చిన కారణమున గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. ఆ కాలమున సామాన్యుని చేవ్రాలుకు ఒకే ఉపయోగము ఉండినది: అది అర్జీ అడుగున పడెడిది. ఊరంతయు కలిసి పెట్టుకొను విన్నపమునకు మహజరు అని పేరు. అక్షరము వచ్చినవారు చేవ్రాలు చేసెడివారు, రానివారు నిశానీ పెట్టెడివారు. మహజరును మన్నించుటయు, మూలకు పడవేయుటయు ఏలువాని ఇష్టము. ఎన్ని చేవ్రాళ్లు చేరినను అది విన్నపమే గాని హక్కు కాలేదు.

పేర్లను ప్రోగుచేయుటలో ఎంత బలమున్నదో ఈ సీమవాడే ఒకరు మరియొక విధముగా చూపినారు. ఇటిక్యాలపాడుకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక సంపాదకులు. తెలంగాణములో కవులు లేరన్న ఆక్షేపణకు ఆయన కోపముతో బదులు చెప్పలేదు. ఊరూర విచారించి 354 మంది కవుల వివరములను, రచనలను చేర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినారు. అది ఎన్నికల పత్రము కాదు. అయినను, మేమున్నామని చెప్పుటకు పేర్ల పట్టికకు మించిన సాక్ష్యము లేదన్న సంగతిని అది రుజువు చేసినది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసినది. మరుసటి సంవత్సరము జాగీర్లు రద్దయినవి. 1952లో వయోజనులందరికి ఓటుహక్కుతో తొలి సాధారణ ఎన్నికలు జరిగినవి. ఆ ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. సంస్థానాధీశుని ఊరిలో ఒక పత్రికా సంపాదకుడు ప్రజల ఓటుతో ప్రతినిధి అగుట చిన్న మార్పు కాదు.

నాటి నియమమును 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము నిర్దేశించినది. నామినేషన్ పత్రముపై అభ్యర్థి సమ్మతితోపాటు ఇద్దరు ఓటర్ల చేవ్రాళ్లు ఉండవలెను: ఒకరు ప్రతిపాదించువారు, ఒకరు బలపరచువారు. శాసనసభకు 250 రూపాయలు, లోకసభకు 500 రూపాయలు ధరావతు. షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి అందులో సగము. చెల్లిన ఓట్లలో ఆరవ వంతు రానిచో ధరావతు పోవును. నాడు అభ్యర్థుల పేర్లతో అచ్చువేసిన కాగితముపై ముద్ర వేయు పద్ధతి లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిపై అతని గుర్తు. ఓటరు తనకు నచ్చిన పెట్టెలో చీటి వేసిన చాలును. కాబట్టి అభ్యర్థి ఒకడు పెరిగెనా, ప్రతి పోలింగు స్థలమునందును ఒక పెట్టె పెరుగవలసినదే.

చదువురానివాడు ఓటు వేయుటకు పెట్టెపై గుర్తు తోడైనది. అతడు మరియొకని పేరు ప్రతిపాదింపవలెనన్న ఏమి చేయవలెను? వ్రేలిముద్ర వేయవచ్చును. కాని ఆ ముద్రను ఎన్నికల అధికారి యెదుటగాని, ఎన్నికల సంఘము నియమించిన మరియొక అధికారి యెదుటగాని వేయవలెను. ఆ అధికారి మనిషిని గుర్తించి, ముద్ర అతనిదేనని ధ్రువీకరింపవలెను. పంజాబులో ఒక శాసనసభ స్థానమునకు వేసిన నామినేషన్ పత్రములలో ప్రతిపాదించినవారును బలపరచినవారును నిరక్షరాస్యులు. వారి వ్రేలిముద్రలు ఉన్నవి, ధ్రువీకరణ లేదు. అధికారి ఆ పత్రములను త్రోసిపుచ్చినాడు. వ్యాజ్యము సుప్రీముకోర్టుకు చేరినది. స్వల్ప లోపములకు పత్రమును తిరస్కరింపరాదని చట్టమే చెప్పుచున్నను, ధ్రువీకరణ లేకపోవుట స్వల్ప లోపము కాదని, పరిశీలన సమయమున దానిని సరిదిద్దుటకు వీలులేదని 1954లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. చదివినవాడు ఇంట కూర్చుండి చేవ్రాలు చేయవచ్చును, చదువనివాడు అధికారి వద్దకు పోవలెను. ఈ భేదము నేటికిని ఉన్నది.

1956 సవరణతో బలపరచువాని అవసరము పోయినది. ఒక్క ఓటరు ప్రతిపాదించిన చాలును. పోటీకి నిలుచుట ఇట్లు సులభమైనది. సులభమైన చోట రద్దీ పెరుగుట లోకసహజము. రాష్ట్రపతి పదవి విషయములో ఈ సంగతి ముందుగా బయటపడినది. 1967లో ఆ పదవికి 17 మంది పోటీపడగా, వారిలో 9 మందికి ఒక్క ఓటును రాలేదు. 1974లో చట్టమును బిగించి, పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరచువారు ఉండవలెనన్నారు. 1977లో 37 మంది నామినేషన్లు వేయగా పరిశీలనలో 36 మందివి నిలువలేదు. మిగిలిన ఒక్కరు మన నీలం సంజీవరెడ్డిగారు. పోటీ లేకుండనే ఆయన రాష్ట్రపతి అయినారు. 1997లో ఆ సంఖ్యను ఏబది, ఏబదికి పెంచినారు.

లోకసభ, శాసనసభల విషయమున మార్పు రావడానికి ముందు మన పొరుగు జిల్లా నల్లగొండ దేశము దృష్టిని ఆకర్షించినది. అక్కడి పల్లెలలో ఫ్లోరైడు నీరు ఎముకలను వంచివేయుచుండగా, మొర వినువారు లేక జనులు 1996 లోకసభ ఎన్నికలను ఆశ్రయించినారు. ఆ ఒక్క స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచినారు. బ్యాలెటు కాగితము పుస్తకమంత అయినది, పోలింగు వాయిదా పడినది. ఆ సంవత్సరమే తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానమునకు వేయిమందికి పైగా నిలిచినారు. ఇవి హాస్యమునకు వేసిన నామినేషన్లు కావు. పూర్వము మహజరు అడుగున చేరెడి పేర్లు ఇప్పుడు బ్యాలెటు కాగితముపైకి ఎక్కినవి. నల్లగొండవారు వ్రాసుకొన్న మహజరు అదియే.

పార్లమెంటు ఆ సంవత్సరమే చట్టమును సవరించినది. ధరావతు లోకసభకు 10,000, శాసనసభకు 5,000 రూపాయలైనది. 2009 సవరణతో అవి 25,000కు, 10,000కు పెరిగినవి. గుర్తింపు లేని పక్షములవారికిని స్వతంత్రులకును పదిమంది ప్రతిపాదకులు తప్పనిసరి అయినారు. ఒక వ్యక్తి రెండు స్థానములకు మించి నిలువరాదనియు నిబంధన చేరినది. 1985లో ఎన్.టి. రామారావుగారు మూడు స్థానములలో గెలిచిన సంగతి మనవారు ఎరుగుదురు. నేడది సాధ్యము కాదు.

ఈ కట్టుబాటు రద్దీని ఆపినదా? కొంతవరకే. 2019లో నిజామాబాదు లోకసభ స్థానమునకు 185 మంది నిలిచినారు. వారిలో అత్యధికులు పసుపునకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కోరిన రైతులు. వారందరును ధరావతు కట్టి, తలకు పదిమందిచేత చేవ్రాలు చేయించినవారే. ఊరు ఒక్కటైనప్పుడు పదిమంది దొరకుట కష్టము కాదు. ఒంటరిగా నిలుచు మనిషికే అది మొదటి పరీక్ష. 2023 శాసనసభ ఎన్నికలలో నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపురము స్థానమున కర్నె శిరీష అను యువతి నిరుద్యోగ సమస్యను ముందుంచుకొని స్వతంత్రముగా నిలిచినది. జనులు ఆమెను ‘బర్రెలక్క’ అని ఎరుగుదురు. ఈల గుర్తుతో పోటీచేసిన ఆమెకు ఆరువేలలోపు ఓట్లు వచ్చినవి, ధరావతు దక్కలేదు. అయినను రాష్ట్రమంతయు ఆమె మాట విన్నది. పదిమందికి బదులు వేయిమంది చేవ్రాళ్లు కావలెనన్నచో ఆ మాట వినబడియుండునా అన్నది ఆలోచింపదగిన ప్రశ్న.

ఇతర దేశములలో ఈ లెక్కలు వేరు. ఇంగ్లండులో 1872 నాటి బ్యాలెటు చట్టము ప్రతిపాదకుడు, బలపరచువాడు, సమ్మతించు ఎనిమిదిమంది అని విధించినది. మొత్తము అక్కడను పదే. స్విట్జర్లాండులో అభ్యర్థులకేగాక ప్రతిపాదనలకును చేవ్రాళ్లు సేకరింతురు. 18 నెలలలో లక్ష చేవ్రాళ్లు చేర్చినచో రాజ్యాంగ సవరణను ఓటుకు పెట్టించవచ్చును. పార్లమెంటు చేసిన శాసనమును ప్రజల తీర్పునకు తెప్పించుటకు 100 దినములలో 50,000 చాలును. మన రాజ్యాంగములో అట్టి ఏర్పాటు లేదు. మనకు శాసనము ప్రతినిధుల ద్వారానే రావలెను. అందుచేతనే, ప్రతినిధిగా నిలుచుటకు గల వాకిలి ఎంత వెడల్పున్నదన్న ప్రశ్న మనకు మరింత ముఖ్యమైనది. ప్రతిపాదనను పెట్టలేని జనులు మనిషినే ప్రతిపాదనగా నిలుపుదురు. నల్లగొండలో జరిగినది అదియే.

మా అభిప్రాయములో పదిమంది అన్న సంఖ్య అన్యాయము కాదు. పదిమందిని ఒప్పింపలేనివాడు లక్షమందిని అడుగుట తగదు. భారము సంఖ్యలో లేదు, నిశానీలో ఉన్నది. 2011 జనాభా లెక్కలలో నేటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతమున అక్షరాస్యులు ఇంచుమించు సగము మందియే. నల్లమల అడవిలోని చెంచు పెంటలలో చేవ్రాలు చేయగలవారు ఇంకను తక్కువ. అక్కడి నుండి ఒకడు నిలువదలచినచో, అతని ప్రతిపాదకులు కూలి మానుకొని, బస్సు ఛార్జీ పెట్టుకొని అధికారి వద్దకు రావలెను. పట్టణమువాని పదిమందికి ఈ ఖర్చు లేదు. నిశానీని ధ్రువీకరించుటకు ఇతర అధికారులను నియమించు అధికారము నిబంధనలలోనే ఎన్నికల సంఘమునకు ఉన్నది. ప్రతి మండలమునందును అట్టి అధికారి ఒకరు ఉండి, ఆ సంగతి నామినేషన్లకు ముందుగనే దండోరా వేయించినచో ఈ భేదము చాలవరకు తీరును.

అంతవరకు నిలువదలచినవారు గుర్తుంచుకొనవలసినవి రెండు: ప్రతిపాదకులు ఆ నియోజకవర్గపు జాబితాలోని ఓటర్లే కావలెను, నిశానీ వేయువారు అధికారి యెదుటనే వేయవలెను. నాటి మహజరును మన్నించుట ఏలువాని దయ. నేడు విధిప్రకారము పదిమంది చేవ్రాలు చేసిన పత్రమును తన ఇష్టము వచ్చినట్లు త్రోసివేయు అధికారము ఎవరికిని లేదు.