పుష్పాలంకరణ

పెరట్లో కోసిన పూలను, ఆకు కొమ్మలను నీటి పాత్రలో పొందికగా అమర్చే కళ. చామంతి, గులాబి, నేలసంపెంగ, గ్లాడియోలస్ దీనికి అనువైనవి. మందారం సాధారణంగా ఒక్కరోజు పువ్వు కనుక అంతగా వాడరు. పచ్చదనానికి క్రోటన్, ఫెర్న్ ఆకులు చేరుస్తారు.

పూలను తెల్లవారుజామున కోసి వెంటనే నీటిలో ఉంచాలి. కాడను ఏటవాలుగా కోస్తే నీరు పీల్చే భాగం పెరుగుతుంది. కాడ పాత్ర అడుగుకు అంటుకుపోదు. నీటిలో మునిగే ఆకులు తీసేయకపోతే అవి కుళ్ళి బాక్టీరియా పెరుగుతుంది, కాడలోని నాళాలు పూడుకుపోతాయి.

అమరిక ఎత్తు పాత్ర ఎత్తుకు సుమారు ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది వాడుకలోని సూత్రం. జపాన్‌లో ఈ కళను ఇకెబానా అంటారు. అందులో పూలతోపాటు కొమ్మలకు, ఖాళీ జాగాకూ ప్రాధాన్యముంది.

పండుతున్న అరటి, మామిడి పళ్ళు ఇథిలీన్ వాయువును వదులుతాయి. అది పూలను త్వరగా వాడ్చేస్తుంది కనుక పూలపాత్రను పళ్ళ పక్కన ఉంచరాదు.